నీడలో నలభై రెండు

మే నెలలో ఒక శనివారం పొద్దున మా ఫ్యామిలీ గ్రూపులో పెద్దమ్మ ఒక వీడియో పెట్టింది. మీరూ చూసే ఉంటారు, ఏటా వేసవిలో ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. నెర్రెలిచ్చిన నేల, మండుతున్న సూర్యుడు, వెనకాల గుండెలదిరే సంగీతం, ఎవరిదో బొంగురు గొంతు: రేపటి నుంచి అయిదు రోజులు ఎండలు 55 డిగ్రీలు దాటతాయి, ఎవరూ ఇంట్లోంచి కదలొద్దు, ఈ వీడియో కనీసం పదిమందికి పంపండి. శాస్త్రవేత్తలు చెప్పారని కూడా ఉంది. ఏ శాస్త్రవేత్తలో లేదు.

ఇలాంటివాటి మీద నాకు చాలా గట్టి అభిప్రాయాలున్నాయి. పళ్ళు తోముకుంటూనే జవాబు కొట్టాను. భూమ్మీద ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతే 56.7 డిగ్రీలు, అదీ 1913లో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో, ఆ అంకె మీద కూడా అనుమానాలున్నాయి, హైదరాబాదులో 55 ఏమిటి పెద్దమ్మా, ఇలాంటి స్పామ్ పంపకు అని. మూడు నవ్వు బొమ్మలు, రెండు బొటనవేళ్ళు వచ్చాయి. పెద్దమ్మ ఏమీ అనలేదు.

చొక్కాలు ఇస్త్రీకి ఇద్దామని కిందికి దిగాను. మా అపార్ట్‌మెంట్ గేటు పక్కనే రేకుల కప్పు కింద ఇస్త్రీ బండి ఉంటుంది. బొగ్గుల పెట్టె. ఆయన్ని నేను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. ఆ రోజు బండి మీద బట్టల మూటలు తల ఎత్తు దాకా ఉన్నాయి.

"తమ్మీ, గా వీడియో చూసినవా? యాభై అయిదు డిగ్రీలట గదా. నిజమేనా?"

"అదంతా ఉత్తదే అన్నా. ఫోన్లో చూశా, ఇవాళ నలభై రెండు. అంతకు మించదు."

"నలభై రెండేనా," అన్నాడు. ఆయన మొహం కాస్త తేలికపడింది. "పెళ్ళోళ్ళ బట్టలున్నయ్, సాయంత్రం వరకు ఇయ్యమన్నరు. సగం రేపటికి ఆపుదమా అనుకున్న."

"ఏం కాదులే అన్నా," అని చొక్కాలు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఈ వ్యాసం ఆ "ఏం కాదులే" గురించి.

ఆ రోజు పదకొండింటికి ఆఫీసు స్నేహితులతో కలిసి ఒక మాల్లో లేజర్ ట్యాగ్ ఆడటానికి వెళ్ళాను. ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం చెప్తాను. చీకట్లో గోడల మధ్య చిక్కుదారులు. ఒంటికి ఒక జాకెట్, చేతిలో తుపాకి. అందులోంచి వచ్చేది సాధారణంగా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి, మనకి కనపడే రంగు గీత వట్టి అలంకారం. అది ఎదుటివాడి జాకెట్ మీది సెన్సర్‌కి తగిలితే జాకెట్ వణుకుతుంది, వాడు కొన్ని సెకన్లు చచ్చిపోయినట్టు లెక్క. తర్వాత మళ్ళీ లేస్తాడు.

ఆటకంటే ఆట మధ్యలో జరిగే చర్చ ఎక్కువ సరదా. మా వాడొకడు ఎత్తు మీద ఒక మూల పట్టుకుని కదలకూడదంటాడు. ఒకే చోట కూర్చుంటే రెండు వైపుల నుంచీ వచ్చి కొడతారు, కదులుతూనే ఉండాలి, పరిగెత్తేటప్పుడు మాత్రం కాల్చకూడదు అని నేనంటాను. ఇద్దరం సైన్యాధిపతుల్లా అరుచుకున్నాం. రెండు పద్ధతులూ ప్రయత్నించాం, రెండు పద్ధతుల్లోనూ ఓడిపోయాం. అయినా ఎవరి అభిప్రాయమూ మారలేదు. మారాల్సిన అవసరం ఏముంది? తప్పయితే జాకెట్ వణుకుతుంది, అంతే.

బయట సోఫాలో కూర్చుని ఫోన్ తీస్తే గ్రూపులో డల్లాస్ బావ తగులుకున్నాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టనట్టుంది. 'మాకిక్కడ 95' అన్నాడు. ముందు మనుషుల భాషలో చెప్పు బావా అన్నాను. దాంతో మొదలైంది ఫారెన్‌హీట్ మంచిదా సెల్సియస్ మంచిదా అన్న పాత తగువు.

నా వాదన అందరికీ తెలిసిందే. నీళ్ళు గడ్డకట్టేది సున్నా, మరిగేది వంద, ఇంతకంటే శుభ్రమైన కొలమానం ఏముంటుంది? బావ వాదన కూడా తీసిపారేసేది కాదు. నువ్వు నీళ్ళవా, మనిషివా అన్నాడు. ఫారెన్‌హీట్‌లో సున్నా అంటే మనిషికి బాగా చలి, వంద అంటే మనిషికి బాగా వేడి, ఒంటికి తెలిసే కొలత అది అన్నాడు. నేను చరిత్ర తీశాను. 1724లో ఫారెన్‌హీట్ తన కొలమానం గురించి రాసినప్పుడు సున్నాని మంచు, నీళ్ళు, నవాసాగరం కలిపిన మిశ్రమం చల్లదనం దగ్గర పెట్టాడు, మంచు కరిగే చోట 32, మనిషి ఒంటి వేడి దగ్గర 96. ఇదేం లెక్క అన్నాను. బావ ఊరుకోలేదు. 1742లో మీ సెల్సియస్ మాత్రం నీళ్ళు మరిగేచోట సున్నా, గడ్డకట్టేచోట వంద పెట్టలేదా, వేడి పెరిగితే అంకె తగ్గేలా, దాన్ని తర్వాత తిరగేశారు కదా అన్నాడు. నిజమే. చివరికి మైనస్ నలభై దగ్గర రెండూ కలుస్తాయి కాబట్టి అక్కడే రాజీ పడదామని నవ్వుకున్నాం.

సున్నా ఎక్కడ పెట్టుకున్నా వేడి మారదు. ఇలాంటి విషయం మీద ఎంతసేపు కొట్టుకున్నా ఎవరికీ నష్టం లేదు. అందుకే ఆ తగువంటే నాకు ఇష్టం.

నాలుగింటికి ఇంటికొచ్చేసరికి ఇస్త్రీ బండి దగ్గర ఎవరూ లేరు. మూటలు అలాగే ఉన్నాయి. పెట్టెలో బొగ్గులు బూడిదైపోయాయి. రెండు గంటలప్పుడు మాటలు తడబడి, ఏదేదో మాట్లాడి పడిపోయాడని, ఒళ్ళు పెనంలా కాలిపోతోందని, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారని వాచ్‌మన్ చెప్పాడు.

నేను వెళ్ళేసరికి తడిబట్టలు కప్పి, ఫ్యాను పెట్టి, సెలైన్ ఎక్కిస్తున్నారు. ఆయన భార్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తీసుకొచ్చినప్పుడు 104.5 ఉందని నర్సు చెప్పింది.

నూట నాలుగున్నర. చిన్నప్పటి నుంచీ మన ఇళ్ళల్లో జ్వరం ఫారెన్‌హీట్‌లోనే ఉంటుంది. నూటొకటి అంటే మాత్ర, నూట మూడంటే తడిగుడ్డ, నూట నాలుగంటే పరుగు. ఎండ మాత్రం సెల్సియస్‌లో ఉంటుంది. నలభై అంటే ఎండగా ఉంది, నలభై రెండంటే బాగా ఎండగా ఉంది. ఈ రెండు లెక్కలనీ నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. పొద్దున అంత చరిత్ర చెప్పినవాణ్ణి, ఆసుపత్రి వరండాలో నిలబడి మొదటిసారి చూశాను. 104.5 అంటే 40.3. నేను ఉదయం 'నలభై రెండే' అని తేలిగ్గా అన్న అంకె జ్వరమైతే 107.6. థర్మామీటర్‌లో అది కనపడితే ఇల్లంతా ఏడుపులే.

గాలి వేడీ ఒంటి వేడీ ఒకటి కావు, నిజమే. గాలి 42 ఉన్నంత మాత్రాన ఒళ్ళు 42 అయిపోదు. కానీ గాలి మన చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు ఒంట్లో వేడి బయటికి పోవడానికి మిగిలే దారి చెమట ఒక్కటే. నీళ్ళు తాగే తీరిక లేక, రేకుల కింద, బొగ్గుల పెట్టె ముందు నిలబడినవాడికి ఆ ఒక్క దారీ ఎంతసేపు తెరిచి ఉంటుంది?

ఆ రాత్రి ఇంకో సంగతి కూడా చదివాను. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రతని ఎండలో కొలవరు. నేలకి నాలుగైదు అడుగుల ఎత్తులో, చుట్టూ గాలి ఆడే చెక్క రెక్కలున్న తెల్లటి పెట్టెలో థర్మామీటర్ పెట్టి కొలుస్తారు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. తయారు చేసినాయన థామస్ స్టీవెన్సన్, లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీరు, 'ట్రెజర్ ఐలండ్' రాసిన రచయితకి తండ్రి. పద్ధతి సరైనదే. సూటిగా ఎండ తగిలితే థర్మామీటర్ గాలిని కాకుండా తన వేడిని తనే కొలుచుకుంటుంది. ఊరికీ ఊరికీ పోల్చాలంటే నీడ తప్పదు. నా ఫోన్‌లో చూపించింది కూడా అలాంటి నీడ లెక్కే. ఆ అంకెని ఎండలో నిలబడ్డ మనిషికి, నీడలో అన్న మాట తీసేసి, అందించాను. పైగా ఆ 42 మన లెక్కల్లో వడగాలి కూడా కాకపోవచ్చు. మైదానాల్లో 40 దాటి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి, లేదా ఏకంగా 45 తాకాలి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడదెబ్బకి రెండు వేలమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ముసలివాళ్ళు, బయట కూలిపని చేసుకునేవాళ్ళు ఎక్కువ. ఆ నెలలో కూడా ఎక్కడా 55 రాలేదు. ఆ ప్రాణాలు పోవడానికి 55 అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నా ప్రశ్న. నేను అబద్ధం చెప్పానా? లేదు. వీడియో అబద్ధం, నా అంకె నిజం. అయినా ఆ పొద్దున ఆ అబద్ధాన్ని నమ్మి ఉంటే ఆయన సగం మూటలు పక్కన పెట్టేవాడేమో. నా నిజం విని పెట్టలేదు.

అబద్ధాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఏటా తోడేలు వచ్చిందని అరిచేవాడి వల్ల, నిజంగా వచ్చిన రోజు ఎవరూ కదలరు. ఇలాంటి వీడియోలు చేసేది ఆ నష్టమే. నేను ఆలోచిస్తున్నది స్పామ్ అంటే ఏమిటని. అబద్ధమైనదల్లా స్పామ్ కాదు, స్పామ్ అంతా అబద్ధమూ కాదు. పంపేవాడికి ఖర్చు ఉండదు, పుచ్చుకున్నవాడికి ఉంటుంది. అది బతుకుతున్నదే ఆ తేడా మీద. ఒక్కో వీడియో పంపడానికి రూపాయి కట్టాలంటే రేపటికి సగం గ్రూపులు మూగబోతాయి. ఈ లెక్కన చూస్తే ఆ పొద్దున ఇస్త్రీ బండి దగ్గర నేనన్న మాట కూడా స్పామే. తప్పయితే నాకేమీ కాదు. నేను పద్దెనిమిది డిగ్రీల ఏసీలో చచ్చి, మళ్ళీ లేచి ఆడుకుంటున్నాను.

ఇస్త్రీ అన్నకి కూడా వేడి మీద అభిప్రాయాలుంటాయి. పెట్టె మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి, ఆ సుయ్యిమన్న చప్పుడు విని, ఇది నూలుకి సరిపోతుంది, పట్టుకి ఇంకాస్త ఆరాలి అని తేలుస్తాడు. థర్మామీటర్ లేదు, సెల్సియసూ ఫారెన్‌హీటూ లేవు. కానీ ఆ అభిప్రాయం తప్పయితే చీర కాలుతుంది, ఆ డబ్బు ఆయనే కట్టుకోవాలి. అందుకే చెప్పేముందు ఒకసారి చెవి పెట్టి వింటాడు. నేను వినలేదు.

మూడో రోజు ఇంటికొచ్చాడని తెలిసి చూడటానికి వెళ్ళాను. నా వల్లే ఇలా అయిందేమో అన్నాను. ఆయన నవ్వాడు.

"నువ్వు చెప్పకున్నా చేసేటోన్నే తమ్మీ. పెళ్ళి ఆగుతదా? ఇయ్యకుంటే పైసలు రావు, ఇంకోసారి బట్టలు రావు."

ఆ మాటతో నాకు ఊరట కలగాలి. పైగా, ఆయన్ని పడేసింది నా ఒక్క మాటే అనుకోవడంలో కొంత గొప్ప కూడా ఉంది. ఆయన ఎండలో నిలబడటం వెనక పెళ్ళివాళ్ళ గడువుంది, ఇంటి అద్దె ఉంది, నీడలేని బజారు ఉంది. నా మాట వీటిలో చిన్నది. కానీ ఆయన ఎలాగూ పని చేస్తాడని ఆ పొద్దున నాకు తెలియదు. ఆపుదామా అని ఆయన అడుగుతుంటే, ఏం కాదులే అన్నాను. తర్వాత ఏం జరిగిందన్నది పక్కన పెట్టినా, ఆ మాట అన్నప్పటి నా నిర్లక్ష్యం అలాగే ఉంటుంది.

అలాగని ఇకమీద ప్రతి మాటా తూకం వేసి చెప్పాలంటే బతకలేం. లేజర్ ట్యాగ్‌లో మూల పట్టాలా కదలాలా, సున్నా మంచు దగ్గర ఉండాలా నవాసాగరం దగ్గర ఉండాలా, వీటి మీద నేను రేపు కూడా కొట్టుకుంటాను. ఖర్చులేని అభిప్రాయాలు లేకపోతే బావలూ ఉండరు, స్నేహితులూ ఉండరు. నోరు జారేముందు ఒక్కటి చూసుకుంటే చాలనుకుంటున్నాను: ఇది తప్పయితే కట్టేదెవరు? ఎవరూ కట్టక్కర్లేకపోతే హాయిగా అరుచుకోవచ్చు. నేనే కట్టాల్సి వస్తే నా ఇష్టం. కట్టేది ఇంకొకరైతే మాత్రం, చెప్పేముందు వాళ్ళు నిలబడ్డ చోట కాసేపు నిలబడాలి.

ఆయన మళ్ళీ బండి దగ్గరికి వచ్చాక, గోడకి తగిలించుకునే మామూలు థర్మామీటర్ ఒకటి కొని రేకు కింద మేకుకి తగిలించాను. ఆ మధ్యాహ్నం ఫోన్‌లో 41, అక్కడ 46. ఆయన దాన్ని కాసేపు వింతగా చూశాడు. రెండు రోజుల్లో దానికో ఉపయోగం కనిపెట్టాడు. సాయంత్రానికే కావాలని ఎవరు తొందరపెట్టినా వేలితో అటు చూపిస్తాడు.

"గీడ గింత ఉన్నది. రేపు రాండ్రి."

నేను అక్కడ ఇచ్చిన నా చొక్కాలు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాయి.