న్యాయపీఠానికి ఓటు అడగవచ్చునా? రాయలసీమ అనుభవ నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

కర్నూలులోనో కడపలోనో వృత్తి సాగించే న్యాయవాది తన న్యాయవాదుల సంఘం అధ్యక్ష పదవికి తోటివారి ఓటు అడగవచ్చు. పురపాలక సంఘానికో శాసనసభకో నిలబడి ఊరూరా తిరిగి ఓటు అడగవచ్చు. జిల్లా న్యాయమూర్తి కావడానికి మాత్రం ఎవరి గడపా తొక్కరాదు. రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం కనీసం ఏడేళ్ల న్యాయవాద వృత్తి, హైకోర్టు సిఫారసు, గవర్నరు నియామకం అన్నవే ఆ పీఠానికి మెట్లు. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో ఇదే స్థాయి పీఠానికి స్థానిక న్యాయవాదులు ప్రజల ఓటుతో చేరుకుంటారు. అధికారానికంతటికీ ప్రజలే మూలమైనప్పుడు తీర్పు చెప్పే అధికారాన్ని మాత్రం వారి ఎన్నికకు వెలుపల ఉంచడం సమంజసమేనా? ఈ నైతిక ప్రశ్నను రాయలసీమ చారిత్రకానుభవం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పుట్టుకతో వచ్చిన తీర్పరితనం

ఎన్నిక కోరేవారి వాదన తేలికగా తోసివేయదగినది కాదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేసిన తరువాత ఇక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, అనంతర కాలంలో మద్రాసు రాజధానిలో న్యాయవ్యవస్థ సంస్కరణకు సారథ్యం వహించాడు. 1816 నాటి నిబంధనల ద్వారా గ్రామ పెద్దయే మునసబుగా చిన్న మొత్తాల దావాలను విచారించే అధికారం పొందాడు. ఆ పదవి చాలావరకు వంశపారంపర్యంగా సాగింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసేవరకు ఆ నీడ పల్లెలపై నిలిచే ఉంది. ఊరి అంచున బతికేవారికి, తమ తగవు ఎవరు తీర్చాలన్న విషయంలో ఏ మాటా లేకపోయింది. కింది నుంచి అడిగేవారు లేని తీర్పరి కిందివారిని మరచిపోగలడు. ఎన్నికవాదానికి నైతిక బలం ఇక్కడి నుంచే వస్తుంది.

సమ్మతి వేరు, సంఖ్య వేరు

మన్రో కాలపు నిబంధనల్లోనే మరొక భావం కూడా ఉంది. ఉభయ కక్షిదారులూ ఒప్పుకుంటే తగవును గ్రామ పంచాయతీకి అప్పగించవచ్చునని అవి చెప్పాయి. రచ్చబండ తీర్పులో ఆదర్శంగా నిలువదగిన అంశం ఇదే. వాది, ప్రతివాది ఇద్దరూ నమ్మిన మధ్యవర్తి అక్కడ పెద్ద. పైకి చూస్తే ఇదీ ఒక రకమైన ఎన్నికగానే తోస్తుంది. కాని లోతున భేదం ఉంది. మధ్యవర్తికి అధికారం ఇచ్చేది తగవులో ఉన్న ఇద్దరి సమ్మతి. ఎన్నికైన న్యాయమూర్తికి అధికారం ఇచ్చేది తగవుతో సంబంధం లేని అనేకుల సంఖ్య.

ఈ భేదం రాయలసీమ పల్లెలో మరింత స్పష్టపడుతుంది. రెండు వర్గాలుగా చీలిన గ్రామాన్ని ఊహించవచ్చు. ఓట్లలో ఒక వర్గానిదే పైచేయి. ఆ ఓట్లతో పీఠమెక్కిన న్యాయవాది ముందుకు బోరు నీటి తగాదా వస్తుంది. ప్రతివాది ఓడిన వర్గం మనిషి. న్యాయమూర్తి ఎంత నిష్పాక్షికంగా తీర్పు చెప్పినా, తన నీటిని ఓట్లు తీసుకుపోయాయనే ఆ రైతు అనుకుంటాడు. అతనికి లేనిది సంఖ్యాబలం; న్యాయస్థానానికి వచ్చిందే ఆ బలం అక్కడ లెక్కకు రాదన్న నమ్మకంతో. ఆ గడప దగ్గర కూడా తలలు లెక్కపెడితే అతనికి ఇక వెళ్లడానికి చోటు లేదు.

రాగం, లోభం, భయం

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం ధర్మసభలోని సభ్యులకు శత్రుమిత్రుల యెడ సమభావాన్ని విధించింది. రాగంతోగాని లోభంతోగాని భయంతోగాని ధర్మం తప్పిన సభ్యునికి దండన కూడా చెప్పింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను ఆధారంగా చేసుకొని కేతన 13వ శతాబ్దిలో విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు చేయడంతో ఈ న్యాయచింతన తెలుగు సాహిత్యంలోకి వచ్చింది. ఎన్నిక ఈ మూడు దోషాలనూ ఒకేసారి ఆహ్వానిస్తుంది. గెలిపించినవారిపై రాగం, ఖర్చు భరించేవారి వల్ల లోభం, రాబోయే ఎన్నిక వల్ల భయం.

లోభానికి నిదర్శనం అమెరికాలోనే ఉంది. పశ్చిమ వర్జీనియాలో ఒక బొగ్గు సంస్థపై సుమారు 5 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. అప్పీలు ముందున్న దశలో, 2004లో, ఆ సంస్థ అధిపతి రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి పోటీచేసిన ఒక న్యాయవాది గెలుపు కోసం దాదాపు 30 లక్షల డాలర్లు వెచ్చించాడు. గెలిచిన ఆ న్యాయమూర్తి విచారణ నుంచి తప్పుకోలేదు. తీర్పు సంస్థకు అనుకూలంగా మారింది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో, ఆయన తప్పుకొని ఉండవలసిందని నిర్ణయించింది. 2015లో, ఫ్లోరిడాలో స్థానిక న్యాయపీఠానికి పోటీచేస్తూ విరాళాలు కోరి లేఖ రాసిన ఒక న్యాయవాది ఉదంతంలో, అభ్యర్థి స్వయంగా విరాళం అడగరాదన్న నిషేధాన్ని అదే కోర్టు సమర్థించింది. ఎన్నికను అంగీకరించిన సమాజం కూడా చేయి చాచే న్యాయమూర్తిని చూసి సంకోచించిందన్నమాట.

నియామకం నిర్దోషమా?

నియామకంలోనూ ఈ మూడు దోషాలకు చోటు లేకపోలేదు. అక్కడి భయం బదిలీది, లోభం పదవీ విరమణానంతర పదవిది. గుంటూరులో 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు వెలువడింది. ఏప్రిల్‌లో ఆయన రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిపోయారు. పదవి విడిచిన తరువాతనే ఓటు అడిగినా, ఆ ఓటు నీడ వెనుకటి తీర్పులపై పడిందా అన్న చర్చ తప్పలేదు. న్యాయమూర్తి నిష్పాక్షికంగా ఉంటే చాలదు, ఉన్నట్లు లోకానికి తోచాలి.

నియామకానికి మరో లోపం దూరం. 2008 గ్రామ న్యాయాలయాల చట్టం దీనిని గుర్తించింది. న్యాయాధికారిని హైకోర్టును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. ఆ అధికారి మాత్రం పల్లెలకు వెళ్లి విచారణ జరపాలి. పీఠం పైనుంచి వచ్చినా పాదం ఊళ్లో పడాలన్నది అందులోని ఆలోచన.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలేది ఒకటి. న్యాయమూర్తి ప్రజలకు జవాబుదారీ కావలసిందే. కాని ఆ జవాబు ఓటు రూపంలో కాక కారణాల రూపంలో ఉండాలి. బహిరంగ విచారణ, హేతుబద్ధమైన తీర్పు, అప్పీలు అన్నవి ఆ జవాబుకు మార్గాలు. 1966లో తెలుగు రాష్ట్ర అధికార భాష అయినా తీర్పులు అధికంగా ఆంగ్లంలోనే వెలువడుతున్నంతకాలం ఈ జవాబు సగమే. శాసనసభ్యునికి అధికారం ఇచ్చేది గెలిపించినవారు. న్యాయమూర్తి అధికారానికి గీటురాయి ఓడినవాడు. ఆ బోరు నీటి రైతు తీర్పును తన భాషలో చదువుకొని, అది తప్పని అనుకున్నా, తన మాట విన్నారని ఒప్పుకోగలిగిన నాడు ఆ పీఠానికి ఏ ఓటూ ఇవ్వలేని సమ్మతి దక్కుతుంది.