సెంటర్లో మా చోటు

పల్నాడులో ఏ ఊరి సెంటర్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు మనకంటే ఎత్తున నిలబడి ఉంటారు. గాంధీ ఉంటాడు. అంబేద్కర్ ఉంటాడు. ఎన్టీఆర్ ఉంటాడు. 2009 తర్వాత రాజశేఖరరెడ్డి ఊరూరా వెలిశాడు. పుల్లరి కట్టేది లేదని ఎదురు తిరిగి 1922లో తెల్లోళ్ళ తూటాలకు బలైన మించాలపాడు కన్నెగంటి హనుమంతు ఉన్నాడు. ఆయన ఉండాల్సినవాడే. వీళ్ళ మధ్య సాయిబు కోసం వెతికితే ఎక్కడైనా అబ్దుల్ కలాం దొరకొచ్చు. అదీ ఎక్కువగా బడి గేటు లోపల.

ఈ మాట ఎత్తగానే మా లౌకిక మిత్రులు నవ్వుతారు. "మీరు విగ్రహాలు ఒప్పుకోరు కదా, ఇక మీకెందుకయ్యా ఈ గొడవ?" అంటారు. మా జమాత్ పెద్దల దగ్గర ఎత్తితే వాళ్ళదీ అదే జవాబు, కాకపోతే కోపంగా. "బుత్‌ల సంగతి మనకెందుకు? తౌబా చెయ్యండి." ఇద్దరూ ఒకే తలుపు మూస్తున్నారు. ఒకరు బయట్నుంచి, ఒకరు లోపల్నుంచి. మధ్యలో చిక్కుకున్న మేం అడగదల్చుకున్నది ఇదీ: ఊరు జ్ఞాపకం పెట్టుకునే పద్ధతి మా పద్ధతి కానప్పుడు, ఊరి జ్ఞాపకంలో చోటు అడిగే హక్కు మాకు పోతుందా?

కారంపూడి వెళ్ళి చూడండి. 12వ శతాబ్దంలో సవతి అన్నదమ్ములు రాజ్యం కోసం కొట్టుకుని నాశనమైన చోటు. నాగులేటి ఒడ్డున వీర్లగుడి. అక్కడ బాలచంద్రుడికి మీసాలు లేవు, బ్రహ్మనాయుడికి తలపాగా లేదు. వీరుల పేరున ఉన్నవి రాళ్ళు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు - రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు - ఊళ్ళ నుంచి వీరాచారవంతులు కొణతాలు మోసుకొస్తారు. ఆ ఆయుధాలే వీరులు. వాటిని నీళ్ళలో కడుగుతారు, అలంకరిస్తారు, ఊరేగిస్తారు. వాటి ముందు పూనకాలతో ఊగిపోతారు.

ఇప్పుడు మా పీర్ల పండగ చూడండి. కర్బలా కూడా పరాయివాళ్ళతో జరిగిన యుద్ధం కాదు. కలిమా చదివినవాళ్ళే ప్రవక్త మనవణ్ణి చంపారు. ఇత్తడి పంజాలకీ వెండి పంజాలకీ దట్టీలు కట్టి, పీర్లచావిడి నుంచి తీసి, గుండం చుట్టూ తిప్పి, పదో రోజు నీళ్ళకి తీసుకుపోతారు. హుస్సేన్‌కి అక్కడ ముఖం లేదు. మోసేవాళ్ళలో సాయిబులు కానివాళ్ళూ ఉంటారు, మొక్కేవాళ్ళలో అయితే చెప్పక్కర్లేదు. ఇది బిద్అత్ అని మావాళ్ళలోనే కొందరు గట్టిగా అంటున్నారు, ఆ తగువు మా ఇంటి తగువు. కొణతం పంజాని చూసి నేర్చిందా, పంజా కొణతాన్ని చూసి నేర్చిందా అన్నది చరిత్రకారులకి వదిలేద్దాం. ముఖం చెక్కకుండా యాద్ పెట్టుకోవడం ఒంటెల మీద దిగుమతి అయిన వింత ఆచారం కాదు, ఈ నేల మీద ఉన్నదే - మేం చెప్పేది అంతవరకే.

ఇంకా వెనక్కి వెళ్ళినా అంతే. అమరావతి తొలినాటి పలకల్లో బుద్ధుడు మనిషిగా కనపడడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, ఒక చెట్టు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో చనిపోయినవాళ్ళకి నిలిపిన స్తంభాలున్నాయి. రాజులకే కాదు, యుద్ధంలో పడిపోయిన సైనికులకు కూడా. వాటి మీద బొమ్మలు చెక్కారు గానీ వాటిని పిలిచిన పేరు ఛాయాస్తంభాలు. నీడలన్నమాట. మా ఉర్దూలో 'సాయా' అంటాం, మాట కూడా చుట్టమే. మనిషి ముఖాన్ని పట్టేశాం అని వాళ్ళు అనుకోలేదు, నీడని మాత్రమే నిలబెట్టగలం అనుకున్నారు. ఆ లోయని సాగర్ నీళ్ళకి వదిలేసే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను రాయి రాయి ఊడదీసి కొండమీద మళ్ళీ కట్టారు. రాళ్ళకి దొరికిన ఆ శ్రద్ధ మునిగిన ఊళ్ళ మనుషులకి దొరికితే ఎంత బాగుండేది!

ముఖాలు తర్వాత వచ్చాయి. 1980లలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం హైదరాబాద్ టాంక్‌బండ్ మీద 33 మంది తెలుగు ప్రముఖుల్ని నిలబెట్టింది. అందులో మన బ్రహ్మనాయుడు ఉన్నాడు. ఆయన ముఖం ఎవరు చూశారు? 1966 'పల్నాటి యుద్ధం' సినిమాలో రామారావే బ్రహ్మనాయుడు కాబట్టి జనానికి తెలిసిన ముఖం అదే. నాగమ్మకి అక్కడ చోటు దొరకలేదు. బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్న మాల కన్నమదాసుకీ దొరకలేదు. కారంపూడిలో రాళ్ళన్నీ రాళ్ళే. ముఖం చెక్కడం మొదలుపెట్టాక మాత్రం ఎవరి ముఖం అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది అధికారంలో ఉన్నవాళ్ళు.

ఆ 33 మందిలో ముస్లింలు ముగ్గురు. రామదాసుని విడుదల చేసిన తానీషా, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా, కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్. ముగ్గురూ గొప్పవాళ్ళే. కానీ తానీషా ఎందుకు గుర్తున్నాడో గమనించండి. రాముడి చేతి రొక్కం అందుకున్నందుకు! ఔరంగజేబుతో ఎనిమిది నెలలు గోల్కొండ కోట నిలిపి, 1687లో ఓడి, ఖైదులో చచ్చిపోయిన అబుల్ హసన్ ఎవరికి కావాలి? మెజారిటీ కథలో ఒక మంచి పాత్ర దొరికితేనే మాకు దిమ్మె దొరుకుతుంది. కలాంగారి మీద మాకు గౌరవం తక్కువ కాదు, కానీ ఆయన వీణతో పాటే ఎందుకు తలుచుకోబడతాడో మాకు తెలుసు.

అదే హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మధ్య బుద్ధుణ్ణి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. అంతకు ముందు 1990 మార్చిలో తీసుకెళ్తుంటే విగ్రహం ఒరిగి నీళ్ళలో పడింది, మనుషులూ పోయారు. రెండేళ్ళు నీటి అడుగున ఉన్న బుద్ధుడు పైకి లేచి నిలబడిన అయిదు రోజులకి అయోధ్యలో మసీదు కూలింది. ఒకే వారంలో ఈ దేశం ఒక రాతిని అంత ఓపికగా లేపింది, ఒక కట్టడాన్ని అంత ఉత్సాహంగా కూల్చింది. 2001 మార్చిలో తాలిబాన్లు బామియాన్ బుద్ధుల్ని పేల్చినప్పుడు మమ్మల్ని పనిచేసే చోటే నిలబెట్టి సంజాయిషీ అడిగారు. మేం అప్పుడూ చెప్పాం, ఇప్పుడూ చెప్తున్నాం: అది నేరం. వెయ్యేళ్ళకు పైగా ముస్లింల మధ్యే క్షేమంగా నిలబడ్డ బుద్ధులు వాళ్ళు. మమ్మల్ని అడిగినవాళ్ళని తిరిగి 1992 గురించి మేం అడగలేదు. అడిగే చోటు మాకు లేదు. చోటు అంటే సిమెంటు దిమ్మె ఒక్కటే కాదని అప్పుడే అర్థమైంది.

మా పెద్దలు చెప్పేంత తేలిగ్గా మతంలోనూ ఈ సంగతి తేలిపోలేదు. పూజకి దారి తీస్తుందన్న భయం లేని చోట బొమ్మని నిషేధించక్కర్లేదని 20వ శతాబ్దం మొదట్లోనే ఈజిప్టు ముఫ్తీ మహమ్మద్ అబ్దూ రాశాడు. 1928లో కైరోలో మహమూద్ ముఖ్తార్ చెక్కిన ఈజిప్టు మేలుకొలుపు శిల్పాన్ని ఆవిష్కరించారు. 1979లో ఇరాన్‌లో షా విగ్రహాలు కూలాయి, టెహ్రాన్‌లో ఫిర్దౌసీ విగ్రహం మాత్రం నిలిచింది. ఆ ఫిర్దౌసీ మీద తెలుగులో కావ్యం రాసినవాడు మన వినుకొండ జాషువా. బంగారం ఇస్తానని మాట తప్పిన సుల్తాన్ ముందు కవి పడ్డ అవమానం ఒక దళిత కవికి అర్థమైనంతగా మా ఆలిములకి అర్థమైందా అని మాకు అనుమానం. ఆ జాషువా విగ్రహం కూడా 2011 మార్చి 10న టాంక్‌బండ్ మీద కూలింది. తెలంగాణ కోపం న్యాయమైనదే. ఆ రోజు ఆ కోపానికి ఎదురుపడ్డవాళ్ళలో జాషువా ఉండటం మాత్రం మమ్మల్ని ఇప్పటికీ బాధ పెడుతుంది.

అయితే విగ్రహం వద్దన్న గర్వంతో మేం మాట్లాడితే ఒక చోట నోరు మూతపడుతుంది. అది పేటలో అంబేద్కర్ దగ్గర. ఆ వేలు, ఆ పుస్తకం, ఆ నీలికోటు - అది పూజ కాదు, ఊళ్ళో మేమూ ఉన్నాం అని రాసుకున్న రాత. రాత్రిపూట దానికి చెప్పులదండ వేసేవాడికి ఆ సంగతి మా కంటే బాగా తెలుసు. వాళ్ళకి మేం తౌహీద్ పాఠం చెప్పగలమా? కానీ దళితుల దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపితే, ఆ శవాల్ని ఊరవతలకి తీసుకుపోకుండా ఊరి మధ్యే పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నారు. సమాధికి ముఖం లేదు. అయినా దాని పక్కనుంచి ఎవరూ తల తిప్పుకుని వెళ్ళలేరు. ఖబర్ల మధ్య పుట్టి పెరిగిన మాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదో!

ఇక జిన్నా టవర్. గుంటూరు మహాత్మాగాంధీ రోడ్డులో ఆరు స్తంభాల మీద గుమ్మటం. స్వాతంత్ర్యానికి ముందు, 1940లలో కట్టింది. బొమ్మ లేదు, ముఖం లేదు, పేరు మాత్రం ఉంది. పల్నాటి నుంచి మిర్చి అమ్మడానికో, ఆసుపత్రికో, పెళ్ళి బట్టలకో వచ్చే మనిషికి అది ఆటో దిగే చోటు. ఆ పేరు నలిగి నలిగి మనిషి పేరు కాకుండా పోయింది. 2021 చివర్లో కొందరు నాయకులు ఆ పేరు తీసేసి అబ్దుల్ కలాం పేరో, జాషువా పేరో పెట్టమన్నారు. కూల్చేస్తామన్న మాటలూ వినపడ్డాయి. 2022 జనవరి 26న జెండా ఎగరేస్తామని కొందరు వచ్చారు, పోలీసులు ఆపారు. ఫిబ్రవరిలో కార్పొరేషన్ దానికి మూడు రంగులు వేసింది. ఏప్రిల్లో పల్నాడు వేరే జిల్లా అయింది. టవర్ గుంటూరులో ఉండిపోయింది గానీ తగువు మా వెంట వచ్చింది. "మీ జిన్నా టవర్" అన్నారు. మా?

ఇక్కడే అసలు చిక్కు ఉంది, దాన్ని దాటేయడం మాకు ఇష్టం లేదు. అమెరికాలో రిచ్‌మండ్ అనే పాత ఊరు ఉంది. బానిసత్వం కోసం పోరాడిన దక్షిణ రాష్ట్రాల రాజధాని. అక్కడ 1890లో నిలబెట్టిన జనరల్ లీ విగ్రహాన్ని 2021 సెప్టెంబర్ 8న దింపారు. మేం సంతోషించాం. మరి లీని దింపితే సంతోషించినవాళ్ళు జిన్నా పేరు తీసేస్తామంటే ఎందుకు ముఖం మాడ్చుకుంటారు అని ఒక మిత్రుడు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న.

మేం ఆలోచించి చెప్పే జవాబు ఇదీ. లీ విగ్రహం వల్ల గాయపడినవాళ్ళు నల్లవాళ్ళు, దింపమని అడిగినవాళ్ళలో ముందున్నదీ వాళ్ళే. జిన్నా వల్ల గాయపడినవాళ్ళెవరు? పంజాబులో, బెంగాలులో ఇళ్ళు పోగొట్టుకున్న హిందువులు, సిక్కులు, ముస్లింలు. వాళ్ళతో పాటు, ఆయన దేశానికి పోకుండా ఇక్కడే ఉండిపోయి, ఆయన చేసిన పనికి తరతరాలుగా జవాబు చెప్తున్న మేం. జిన్నా మీద ఫిర్యాదు చేసే హక్కు ఈ ఊళ్ళో అందరికంటే ముందు మాది. ఆ ఫిర్యాదు మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా తరఫున మా మీదే దాఖలు చేశారు. పేరు మార్చాలనుకుంటే ఊరంతా కూర్చుని మార్చుకోనివ్వండి, మేమూ వచ్చి కూర్చుంటాం. బహుశా చెయ్యి కూడా ఎత్తుతాం. కానీ దేశభక్తి పరీక్ష హాలుగా ఆ టవర్‌ని మార్చినంతకాలం ఆ పేరు అలాగే ఉండటమే మేలు. కాపాడాల్సింది జిన్నాని కాదు, భయపడకుండా ఆ సెంటర్లో టీ తాగే మా పిల్లల్ని.

2021లోనే ప్రొద్దుటూరులో టిప్పు సుల్తాన్ విగ్రహం పెడదామంటే ఎంత రభస అయిందో చూశాం. మా కుర్రాళ్ళు కొందరు టిప్పుని పల్నాటికీ తెద్దామంటారు. వద్దు. టిప్పు మీద కోపంతో కాదు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద కొత్త విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దంది. ఆ మాట మిగతావాళ్ళు వినలేదు, మా దగ్గర మాత్రం గట్టిగా వినిపిస్తారు, అది వేరే సంగతి. కత్తి పట్టిన రాజుని తెచ్చి నిలబెడితే, వీరాచారవంతుడూ పీరు మోసేవాడూ ఒకరినొకరు గుర్తుపట్టే ఈ నేలలో మేం ఇంకో గుర్రం మీద ఎక్కి దూరమవుతాం.

మా దగ్గర ఇంకో మాట ఉంది, సదకయె జారియా. మనిషి పోయాక కూడా పారుతూ ఉండే దానం. బావి, చెట్టు, సరాయి, పుస్తకం. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా తెలుసు. అక్కడ బస్టాండులో పంచాయతీయో మునిసిపాలిటీయో ప్రజల డబ్బుతో పెట్టే చలివేంద్రానికి, పిడుగురాళ్ళలో ఒక లైబ్రరీకి, మాచర్లలో ఒక బడికి సాయిబు పేరు పెట్టమంటున్నాం. జమాత్ డబ్బుతో మసీదు గోడ పక్కన మేం పెట్టుకునేది కాదు, ఊరు పెట్టేది. హనుమంతు ఉన్న సెంటర్లోనే, ఆయన నీడ పడేంత దగ్గరలో. ఎవరి పేరు పెట్టాలో మా జాబితా మేం ఇస్తాం. అందులో రామదాసు కథతో పనిలేని పేర్లు కూడా ఉంటాయి. బోర్డు తెలుగులోనే చాలా, ఉర్దూలో కూడా ఉండాలా అన్న దగ్గర మాత్రం మాలో మాకే పడటం లేదు. మొన్న రాత్రి ఇషా తర్వాత మొదలైన వాదన ఫజర్ అజా దాకా సాగింది.