మా పేరు ఏ గడిలో రాస్తారు?

ఆస్పత్రికి వెళ్ళిన మనిషి మొదట డాక్టరుకి కనపడడు, చీటీ రాసే గుమాస్తాకి కనపడతాడు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు కంప్యూటర్లోకి ఎక్కాకే జబ్బు సంగతి. విజయవాడ సూర్యారావుపేటలో, గవర్నరుపేటలో వీధి వీధంతా ఆస్పత్రులే. బందరు నుంచీ, గుడివాడ నుంచీ, అవనిగడ్డ నుంచీ, కైకలూరు నుంచీ పాత రిపోర్టుల క్యారీబ్యాగు చంకన పెట్టుకుని బస్సు దిగే డెల్టా జనమంతా ఆ కిటికీ ముందు నిలబడాల్సిందే. మేమూ నిలబడతాం. ఇప్పుడు ఆ కిటికీ అవతలి పనిని నేర్పే చదువు ఒకటి వచ్చింది. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అంటారు. ల్యాబుల్లో, మందుల షాపుల్లో, నర్సింగ్ హోముల్లో పగలంతా పనిచేసి, రాత్రిళ్ళు ఆన్‌లైన్లో ఈ చదువు చదివే పిల్లలు మా వీధుల్లోనూ కనపడుతున్నారు. వాళ్ళని చూస్తే సంతోషం. ఆ సంతోషంతోపాటు ఒక ప్రశ్న కూడా మమ్మల్ని పట్టుకుంది.

పేరు గంభీరంగా ఉన్నా సంగతి మామూలుదే. రోగి చుట్టూ పుట్టే ప్రతి కాగితాన్నీ, ఓపీ చీటీ, రక్తపరీక్ష, ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ, బిల్లు, ఒక పద్ధతిలో రాయడం, దాచడం, అవసరమైనవాళ్ళకి అవసరమైనంత వరకే అందించడం. జబ్బుల్ని దేశదేశాల్లో ఒకే రకంగా లెక్కపెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోడ్‌లు పెట్టింది. ఐసిడి-10లో మామూలుగా మనం చూసే షుగరు ఈ11, బీపీ ఐ10. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడి ఆపరేషన్ కత్తికన్నా ముందు కాగితం మీద ఆధారపడింది. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక మనిషికో 14 అంకెల ఆభా నంబరు వచ్చింది. ఇక మీదట మన జబ్బుల చరిత్ర మన దగ్గర కన్నా కంప్యూటర్ల దగ్గరే ఎక్కువ ఉంటుంది.

మా ప్రశ్న ఇది. ఒక మనిషి గురించి రాసిపెట్టుకోవడం అతన్ని గౌరవించడమా, పట్టుకోవడమా? గుర్తింపు అన్న మాటకి తెలుగులో రెండు ముఖాలున్నాయి. ఫలానా కవికి గుర్తింపు దక్కింది అంటాం. పోలీసులు గుర్తింపు పెరేడ్ పెట్టారనీ అంటాం. మొదటిది మనిషిని లేపి నిలబెడుతుంది, రెండోది వరసలో నిలబెడుతుంది. ముస్లింగా పుట్టినవాడికి ఎక్కువసార్లు ఎదురయ్యేది రెండోదే. ఎస్సెస్సీ సర్టిఫికెట్లో ప్రతి పిల్లవాడికీ పుట్టుమచ్చలు రాస్తారు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో తన కవితకి 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టాక ఆ మాట మాకు ఒంటి మీది మచ్చగా మాత్రమే మిగల్లేదు.

ముందు పేరు సంగతి చూద్దాం. డెల్టాలో మా మగవాళ్ళలో ఎంతమంది షేక్ మస్తాన్‌లు, ఎంతమంది షేక్ సుభానీలు, ఎంతమంది షేక్ నాగూర్లు! షేక్ అనేది మా దగ్గర ఇంటిపేరులా ముందుకొస్తుంది. కంప్యూటరు ఫారమ్ మాత్రం మొదటి పేరు, చివరి పేరు అని అడుగుతుంది. గుమాస్తా ఒకరోజు షేక్‌ని మొదటి గడిలో కొడతాడు, ఇంకోరోజు చివరి గడిలో. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, బడి సర్టిఫికెట్లో ఇంకొకటి. కొన్నిచోట్ల ఉత్త ఎస్‌కే. పుట్టినతేదీ తెలియని పెద్దవాళ్ళందరూ జనవరి ఒకటినే పుడతారు. ఇక కంప్యూటరు ఏం చేస్తుంది? ఒకే మనిషిని ముగ్గురిగా విడగొడుతుంది, లేదంటే ముగ్గురిని ఒకే మనిషిగా కలిపేస్తుంది. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. ఒకే పేరున్న ఇద్దరి రక్తం రిపోర్టులు తారుమారై, షుగరు లేని మనిషి నెల రోజులు షుగరు మాత్రలు మింగాడు.

ఇది ఒక గుమాస్తా నిర్లక్ష్యం అనుకుంటే తేలిగ్గా పోతుంది. అసలు సంగతి ఇంకా లోపల ఉంది. రెండు రికార్డులు ఒకే మనిషివా కాదా తేల్చే లెక్కకి 1969లో కెనడా గణాంకవేత్తలు ఫెల్లెగీ, సంటర్ పునాది వేశారు. ఆ లెక్క ప్రకారం అరుదైన పేరు కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ మార్కులు. ఏది అరుదు, ఏది మామూలు అన్నది ఊరిని బట్టి మారుతుంది. షేక్ అనే పేరు వినని దేశంలో తయారైన ప్రోగ్రామును తెచ్చి విజయవాడలో అలాగే బిగిస్తే, ఇద్దరు షేక్ మస్తాన్‌లు దానికి ఒక్కడే. ఆ ప్రోగ్రాముకి మా మీద ద్వేషం లేదు, మేమెవరమో దానికి తెలియదు. ద్వేషం లేకుండా కూడా అన్యాయం జరుగుతుందని మేము ఇక్కడ నేర్చుకున్నాం. వించిపేటలో పుట్టిన పిల్ల ఎవరూ చెప్పకుండానే పట్టుకోగల తప్పు ఇది. ఆ పిల్ల ఆ కుర్చీలో ఉండాలని మేమనడానికి మొదటి కారణం ఇదే.

రెండోది గడి సంగతి. ఫారమ్‌లో ఏ గడి ఉండాలో నిర్ణయించడం సాంకేతిక విషయంలా కనపడుతుంది. 2020 ఏప్రిల్ గుర్తు తెచ్చుకోండి. కేంద్ర ఆరోగ్య శాఖ విలేఖరుల సమావేశాల్లో మొత్తం కేసుల పక్కన తబ్లీగీ జమాత్ కేసులెన్నో విడిగా చెప్పారు. ఒక సభకి వెళ్ళొచ్చినవాళ్ళని, వాళ్ళని కలిసినవాళ్ళని వెతకడం అంటువ్యాధి శాస్త్రంలో తప్పనిసరి పనే. దాన్ని మేము తప్పు పట్టం. వెతకడానికి పనికొచ్చే ఆ అంకె వైద్య సిబ్బంది చేతుల్లో ఉంటే చాలు. అది టీవీకెక్కాక వైద్యం అయిపోయింది, వేట మొదలైంది. మా వీధుల్లో కూరగాయల బండివాణ్ణి పేరడిగి వెనక్కి పంపినవాళ్ళున్నారు. ఏప్రిల్ 8న ఆ శాఖే ఏ సమూహానికీ ఈ జబ్బు అంటగట్టొద్దని సూచన విడుదల చేసింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాత్ సభ్యుల మీది కేసులు కొట్టేస్తూ వాళ్ళని బలిపశువుల్ని చేశారంది. తీర్పు వచ్చింది. బండివాడి ఏప్రిల్ నెల తిరిగి రాలేదు.

ఇంతకన్నా ఘోరమూ చరిత్రలో ఉంది. హాలెండులో పౌరుల రిజిస్టరును పరిపాలన కోసం చాలా శ్రద్ధగా రాశారు. 1940లో నాజీలు దేశాన్ని ఆక్రమించాక యూదుల్ని ఇల్లిల్లూ వెతకడానికి ఆ శ్రద్ధే ఉపయోగపడింది. 1943 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు కళాకారులు, విద్యార్థులు ఆ రిజిస్టరు కార్యాలయాన్నే తగలబెట్టడానికి తెగించారు. యుద్ధం ముగిసేసరికి హాలెండు యూదుల్లో నాలుగింట మూడొంతులమంది మిగల్లేదు. గడిలో రాసిన గుమాస్తాల్లో ఎంతమంది చెడ్డవాళ్ళై ఉంటారు? బహుశా చాలామంది మంచివాళ్ళే.

అందుకే మా పెద్దవాళ్ళు కొందరంటారు: "మన పేరు ఎక్కడా ఎక్కకపోతేనే క్షేమం బేటా." లౌకికవాద మిత్రులు ఇంకో దారిలో అదే చోటికి వస్తారు: జబ్బుకి మతం లేదు, ఆ గడి తీసేయండి. ఇద్దరి మీదా మాకు గౌరవం ఉంది. ఇద్దరితోనూ మేము ఏకీభవించలేం.

ఎందుకంటే లెక్కలో లేనివాడి ఆకలి కూడా లెక్కలోకి రాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చేదాకా ముస్లింలని బుజ్జగిస్తున్నారన్న మాటకి మా దగ్గర బాధ ఉంది గాని అంకె లేదు. చదువులో, ఉద్యోగాల్లో, బ్యాంకు అప్పుల్లో మేమెక్కడున్నామో ఆ నివేదిక అంకెల్లో చెప్పింది. ఎవరూ ఊహించని సంగతి కూడా చెప్పింది: ఇంత పేదరికంలోనూ ముస్లింల్లో పసిపిల్లల మరణాలు దేశ సగటు కన్నా తక్కువ. ఆ గడి లేకపోతే మా కష్టమూ తెలియదు, మా తల్లుల గొప్పతనమూ తెలియదు. మన రాష్ట్రంలో 2007లో బీసీ-ఇ కింద వచ్చిన నాలుగు శాతం కూడా ఎవరు ఏ వృత్తిలో ఎంత వెనకబడి ఉన్నారో రాసి చూపించాకే వచ్చింది. ఇక గడి తీసేస్తే మతం దాగుతుందా? మా పేరే మా గడి. షేక్ అని రాశాక వేరే రాయక్కర్లేదు.

కాబట్టి రాయాలా వద్దా అన్నది తప్పు ప్రశ్న అని మాకు అనిపిస్తోంది. మందిగా లెక్కపెట్టినప్పుడు మమ్మల్ని మరిచిపోవద్దు. ఒక్కొక్కరిగా వైద్యం చేసేటప్పుడు మమ్మల్ని మందిగా చూడొద్దు. ఈ రెంటినీ వేరుగా ఉంచగలిగితే రికార్డు న్యాయం, కలిపేస్తే రికార్డు ఆయుధం. సర్వే కోసం మతం అడిగినప్పుడు ఆ అంకెల్లోంచి మనిషి పేరు తీసేయాలి. చికిత్స రికార్డులో మనిషి పేరు ఉన్నప్పుడు దాన్ని ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో, ఎందుకు తెరిచారో కూడా నమోదు కావాలి. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో ఇవి పాఠాలు. మా దృష్టిలో ఇవి నీతిశాస్త్రం కూడా.

ఆ పాఠాల్లో ఒక వింత కోడ్ ఉంది. ఐసిడి-10లో జెడ్60.5. వ్యక్తిగత లక్షణాలని బట్టి కాక, రంగు, మతం, జాతి లాంటి ఒక గుంపుకి చెందాడన్న కారణంతో వివక్షకి గురైన మనిషి కోసం పెట్టిన కోడ్ అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో మా బాధకి కూడా ఒక గడి ఉంది! పద్దెనిమిదేళ్ళ పిల్ల నిద్రపట్టడం లేదని వస్తే మాత్ర పేరు రాస్తారు. ఆ గడి నింపాలని ఎవరికి తోస్తుంది? అది అడగడం తెలిసినవాళ్ళకి తోస్తుంది.

ఇక చదువు సంగతి నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఇంట్లో కూర్చుని చదవొచ్చు అంటే మా ఇళ్ళల్లో ఆడపిల్లకి వెంటనే అనుమతి దొరుకుతోంది. కాలేజీకి పంపనన్న అబ్బాజాన్ ఫోన్లో చదువుకో అంటున్నాడు. ఇది తలుపు తెరవడమా, గోషాకి కొత్త గోడ కట్టడమా? రెండూ కావొచ్చు. ఫోన్లో మొదలైన చదువు ఆస్పత్రి గుమ్మం ఎక్కితేనే అది తలుపు. ఎక్కనివ్వకపోతే గోడే.

ఇంకో సంగతి. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్ వృత్తుల చట్టం ఆరోగ్య సమాచార నిర్వహణని, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌ని ఒక వృత్తిగా తన షెడ్యూల్లో చేర్చింది. గౌరవమే. 2025లో యూజీసీ ఆ చట్టం కిందికొచ్చే కోర్సుల్ని ఆ ఏడాది జూలై-ఆగస్టు నుంచీ ఆన్‌లైన్లో, దూరవిద్యలో నడపొద్దని విద్యాసంస్థలకి చెప్పింది. రోగుల ప్రాణాలతో పని కాబట్టి చేత్తో నేర్వాలన్న వాదనలో న్యాయముంది. కానీ పగలు కూలి మానితే రాత్రి పొయ్యి వెలగని ఇంటి పిల్లకి ఇంకే దారి చూపించారు? సాయంత్రపు తరగతులు, ప్రభుత్వాసుపత్రిలో ఆదివారం శిక్షణ ఎందుకుండకూడదు? ఈలోగా ఫీజు కట్టే ముందు పిల్లలు ఒక్కటి అడగాలి: ఇచ్చేది డిగ్రీయా, ఉత్త సర్టిఫికెట్టా? దాన్ని ఎవరు గుర్తిస్తారు? ఇక్కడా గుర్తింపే.

చట్టం మనల్ని కాపాడుతుందని నిద్రపోవడానికి లేదు. 2019 బిల్లులో ఆరోగ్యం, కులం, మతవిశ్వాసం లాంటివాటిని సున్నితమైన సమాచారంగా వేరుచేశారు. 2023లో పాసైన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఆ ప్రత్యేక తరగతి లేదు. చట్టం విడిచిపెట్టిన చోట రాసేవాడి మనస్సాక్షే మిగులుతుంది.

మా ఇళ్ళల్లో దానికి ఒక మాట ఉంది, అమానత్. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టింది. హజ్‌కి వెళ్తూ పొరుగింట్లో పెట్టిపోయిన నగ అమానత్. డాక్టరు దగ్గర విప్పి చెప్పుకున్న జబ్బూ అమానతే. ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ స్వర్గం గురించో నరకం గురించో అనుకుంటారు చాలామంది. అది అప్పు పత్రం రాసుకోవడం గురించి. రాసేవాడు న్యాయంగా రాయాలనీ, రాయడం వచ్చినవాడు రాయనని తప్పుకోకూడదనీ అందులో ఉంది. నమ్మనివాళ్ళకి కూడా ఇందులో కాదనడానికేం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ళల్లో దాచుకున్న కాగితాలు ఏ మతానివైనా ఒకేలా తడిశాయి. రికార్డు ఎక్కడో భద్రంగా ఉండటం అందరికీ కావలసిందే. అది ఎవరి చేతిలో భద్రం, ఎవరి నుంచి భద్రం అన్నది కూడా అందరూ అడగాల్సిందే.

లౌకికవాద మిత్రులారా, గడి తీసేయమని అడగకండి, గడి మీద మాతో కలిసి కాపలా కాయండి. ప్రభుత్వమా, రాత్రి చదివేవాళ్ళకి పగటి తలుపు తెరువు. బిడ్డల్లారా, జీతం కోసమే చదవండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ కీబోర్డు మీద వేలు పెట్టినప్పుడు గుర్తుంచుకోండి. ఇంతకాలం మన గురించి ఇతరులు రాశారు. ఇప్పుడు అందరి గురించీ మీరు రాయబోతున్నారు. మనల్ని ఎలా రాయాలని కోరుకున్నామో, ప్రతి మనిషినీ అలా రాయండి.