రికార్డుకెక్కని లోపం

పాత కారు కొనడం, అమ్మడం ఈ రోజుల్లో మన ఇళ్ళలో మామూలు విషయమైపోయింది. కుటుంబం పెరిగిందని ఒకరు కొంటారు. అప్పు తీర్చాలనో, ఆడపిల్ల పెళ్ళి చేయాలనో మరొకరు అమ్ముతారు. ఒక సామాన్య కుటుంబం ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క పూటలో చేతులు మారుతుంది. ఇది ప్రాపంచిక వ్యవహారమనీ, ధర్మంతో దీనికి పనిలేదనీ అనుకోవడం పొరపాటు. నమాజు, రోజాల గురించి ప్రశ్నించే ప్రభువే సంపాదన గురించి కూడా ప్రశ్నిస్తాడు.

ఈ వ్యవహారంలో రెండు ప్రశ్నలు తరచూ తలెత్తుతాయి. కొనేవాడు అంటాడు: "బండి గతాన్ని ఆరా తీస్తే సాటి సోదరుణ్ణి అనుమానించినట్టు కాదా?" అమ్మేవాడు అంటాడు: "అతను అడగలేదు, కాగితాల్లోనూ లేదు, మరి నేనెందుకు చెప్పాలి?" ఈ రెండింటినీ ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

ఆరా తీయడం అనుమానించడం కాదు

హుజురాత్ సూరా 12వ వాక్యంలో అల్లాహ్ విశ్వాసులను అతిగా అనుమానించడం నుంచి, ఇతరుల రహస్యాలు కూపీ లాగడం నుంచి వారించాడు. అయితే ఇది మనుషుల వ్యక్తిగత లోపాలను తవ్వితీయడం గురించిన మాట. డబ్బిచ్చి కొంటున్న వస్తువును పరీక్షించుకోవడం అందులోకి రాదు. బఖరా సూరా 282వ వాక్యంలో అప్పు లావాదేవీలను రాసుకోమనీ, సాక్షులను పెట్టుకోమనీ అల్లాహ్ ఆదేశించాడు. రాసుకోవడం అవమానం కానప్పుడు, సరిచూసుకోవడం అవమానం ఎలా అవుతుంది? నిజానికి రేపటి తగాదా నుంచి ఇద్దరినీ కాపాడేది ఈ జాగ్రత్తే.

కాబట్టి కొనేవారు మొహమాటపడకూడదు. ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోల్చుకోవాలి. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వివరాలు చూసుకోవాలి. చలానాలు బాకీ ఉన్నాయేమో పరిశీలించాలి. బండి ఫైనాన్సులో ఉంటే ఆ విషయం ఆర్.సి.లో నమోదై ఉంటుంది. బాకీ తీరిందని నోటితో చెబితే చాలదు. బ్యాంకు ఇచ్చే ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికి రావాలి. సర్వీసు సెంటరులో ప్రతి సర్వీసుకూ తిరిగిన కిలోమీటర్లు రాస్తారు గనుక ఆ చరిత్ర అడిగి తెప్పించుకోవాలి. అమ్మేవారికి తెలిసిన మెకానిక్కుతో కాక, మనకు నమ్మకమైన మెకానిక్కుతో బండి చూపించుకోవాలి.

మీటరు తిప్పడం, పొదుగు కట్టడం

లక్ష కిలోమీటర్లు దాటిన బండికి మీటరు వెనక్కి తిప్పి నలభై వేలు చూపించే మోసం బజారులో ఉంది. ఇది కొత్త కాలపు తెలివి అనుకుంటాం గాని, దీని మూలం చాలా పాతది. పూర్వం అరబ్బులో కొందరు పశువును అమ్మే ముందు రెండు మూడు రోజులు పాలు పితకకుండా పొదుగు కట్టి ఉంచేవారు. నిండు పొదుగు చూసి, బాగా పాలిచ్చే పశువనుకొని కొన్నవాడు మోసపోయేవాడు. దైవప్రవక్త (స) దీన్ని నిషేధించారు. అలాంటి పశువును కొన్నవాడు ఇష్టమైతే ఉంచుకోవచ్చనీ, లేదా ఒక 'సా' ఖర్జూరాలతో సహా తిప్పి ఇవ్వవచ్చనీ ఆయన చెప్పినట్టు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనం ఉంది. గమనించండి, పొదుగు కట్టినవాడు నోటితో ఒక్క అబద్ధమూ ఆడి ఉండకపోవచ్చు. అతని బదులు పొదుగు అబద్ధం చెప్పింది. మీటరు తిప్పినవాడి సంగతీ ఇంతే.

రికార్డు మౌనంగా ఉన్నచోట

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో విజయవాడను వరదలు ముంచెత్తాయి. ఎన్నో కార్లు నీట మునిగాయి. ఇన్సూరెన్స్ క్లెయిము చేసినవారి బండి సంగతి కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. కాని ఇన్సూరెన్స్ లేనివాడు, ఉన్నా క్లెయిము చేయనివాడు తన వీధిలోని మెకానిక్కుతోనే బాగు చేయించుకొని ఉంటాడనుకుందాం. ఆ బండి మునిగిందని ఏ వెబ్‌సైటులోనూ ఉండదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద మరక కనిపించవచ్చు. కార్పెట్టు కింద మట్టి, సీటు పట్టాలకు తుప్పు కనిపించవచ్చు. శ్రద్ధగా శుభ్రం చేయిస్తే అవీ కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ నిజం ఇద్దరికే తెలుసు: యజమానికి, ఆయన ప్రభువుకు.

ఆ యజమాని దుర్మార్గుడే కానక్కర్లేదు. వరదలో ఇల్లు, సామాను పోగొట్టుకొని, బండి అమ్మితే గాని గడవనివాడై ఉండవచ్చు. నిజం చెబితే ధర సగానికి పడిపోతుంది. "వరద రావడం నా తప్పా?" అని అతని మనసు అడుగుతుంది.

సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే మదీనా బజారులో జవాబు దొరికింది. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని వ్యాపారి చెప్పాడు. తడిసినది జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. వాన కురవడం ఆ వ్యాపారి తప్పు కాదు. తడిసిన గింజలు అమ్మవద్దని కూడా ప్రవక్త (స) అనలేదు. తడిని అడుగున దాచడమే తప్పు. మునిగిన కారు అమ్మడం నిషిద్ధం కాదు, మునగనట్టుగా అమ్మడం నిషిద్ధం.

"బాగు చేయించాను కదా" అనే సాకు కూడా నిలవదు. తీగల్లో, కనెక్షన్లలో చేరిన తేమ నెలల తర్వాత తుప్పుగా బయటపడుతుంది. ఎయిర్ బ్యాగు, బ్రేకుల సెన్సార్లు అవసరమైన క్షణంలో పనిచేయకపోవచ్చు. ఆ బండిలో కూర్చునేది ఎవరో ఒకరి పిల్లలు. దాచిన నిజం ధరనే కాదు, ప్రాణాన్నీ తాకుతుంది.

"ఉన్నది ఉన్నట్టుగా" అనే షరతు

కొందరు "ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాను, తర్వాత నాకు సంబంధం లేదు" అని రాయించుకొని నిశ్చింతగా ఉంటారు. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) లోపాలకు బాధ్యత లేదనే షరతుపై ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బుందని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. అమ్మేటప్పుడు తనకు ఆ జబ్బు సంగతి తెలియదని ప్రమాణం చేయమని హజ్రత్ ఉస్మాన్ (రజి) తీర్పిచ్చారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి ఇష్టపడక బానిసను వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి షరతు ఎంతవరకు చెల్లుతుందనే విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. కాని తెలిసిన లోపాన్ని దాచడం పాపమన్న విషయంలో మాత్రం భేదం లేదు. షరతు తెలియని లోపానికి కవచం కావచ్చు, తెలిసిన లోపానికి ముసుగు కారాదు.

మధ్యవర్తుల బాధ్యత

బ్రోకర్లు, మెకానిక్కులు కూడా ఆలోచించాలి. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) గురించి ఒక సంఘటన చెబుతారు. ఒకతను ఒంటెను కొని వెళ్తుంటే ఆయన వెంటపడి, మాంసానికా ప్రయాణానికా అని అడిగారు. ప్రయాణానికని చెప్పగా, దాని కాలికి రంధ్రముందని తెలిపారు. కొన్నవాడు తిరిగి రాగా అమ్మినవాడు ధర తగ్గించవలసి వచ్చింది. బేరం చెడగొట్టారని అతను వాపోతే, ప్రతి ముస్లిం మేలు కోరుతామని ప్రవక్తకు (స) మాట ఇచ్చామని వాసిలా (రజి) బదులిచ్చారు. ఒంటె ఆయనది కాదు, లాభనష్టాలు ఆయనవి కావు. అయినా తెలిసిన నిజం ఆయన దగ్గర అమానత్ అయింది. ఈ నిజాయితీ ముస్లింలకే పరిమితం కాదు. కొనేవాడు ఏ మతం వాడైనా మోసం మోసమే.

నష్టపోయేది ఎవరు?

ఒక మాట దాచకుండా ఒప్పుకోవాలి. అందరూ ఏదో ఒకటి దాచే బజారులో నిజం చెప్పినవాడికి కొన్నిసార్లు నిజంగానే నష్టం వస్తుంది. ధర తగ్గదని ధర్మం ఎవరికీ హామీ ఇవ్వలేదు. అది హామీ ఇచ్చింది బర్కత్ గురించి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం పలికి, ఉన్నది స్పష్టం చేస్తే ఆ బేరంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతోంది. ఇందులో కొనేవాడి పేరు కూడా ఉంది. లేని లోపం అంటగట్టి, అవసరంలో ఉన్నవాడి ధర పడగొట్టడం కూడా అబద్ధమే.

అందుకే ఒక చిన్న ఆచరణ అలవాటు చేసుకుందాం. బండి అమ్మేముందు మనకు తెలిసిన ప్రమాదాలు, మరమ్మతులు, మునక, మార్చిన భాగాలు ఒక కాగితం మీద రాసి కొనేవారికి ఇద్దాం. ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. ఫారం 29, 30 దాఖలు చేసి పేరు మార్పిడి వెంటనే పూర్తి చేయాలి. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వారే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది.

పరివాహన్ రికార్డులో లేనిది మన కర్మల పత్రంలో ఉంటుంది. దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. అల్లాహ్ మన సంపాదనలో నిజాయితీనీ, ఉపాధిలో బర్కత్‌నూ ప్రసాదించుగాక! ఆమీన్.