రెండు మళ్ళ భయం

చివ్వెంల పక్క ఊళ్ళో ఒక రైతుకు ఆరెకరాల భూమి ఉండేది. పైన ఎర్ర చెల్క, నడుమ చెరువు కింద నల్లరేగడి, అడుగున కాలువ కట్టకు ఆనుకొని రెండు జాలు మళ్ళు. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలో నీళ్ళు పారినన్నాళ్ళూ కట్టలోంచి నీరు ఊరుతూనే ఉండేది, ఆ రెండు మళ్ళూ ఆరేవి కావు. రెండూ కలిపినా పది గుంటలకు మించవు.

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర జరిగిన ఏడు అతను అప్పు చేసి ట్రాక్టరు కొన్నాడు. వానాకాలం వచ్చేలోగా దానికి ఇనుప చక్రాలు కావలసి వచ్చాయి. నాట్ల ముందు దమ్ము చేసే కరిగెట బురదలో వట్టి టైరు పనిచేయదు. దాని పళ్ళ సందుల్లో మట్టి నిండి నున్నగా అయిపోతుంది, ఉన్నచోటే తిరుగుతుంది. కేజ్ వీల్స్ అని అందరూ పిలిచే ఆ చక్రాలు రెండు రకాలు. ఫుల్ వీల్ వేయాలంటే టైరు విప్పి దాని స్థానంలో బిగించాలి. హాఫ్ వీల్ టైరు పక్కనే బోల్టులతో బిగిస్తే చాలు. అది టైరుకన్నా కొంచెం చిన్నగా ఉంటుంది గనుక గట్టినేల మీద బరువు టైరే మోస్తుంది, బురదలో దిగినప్పుడే ఇనుము పని మొదలుపెడుతుంది.

అంతకుముందు యాసంగిలో కిరాయికి వచ్చిన ట్రాక్టరొకటి అతని జాలు మడిలో ఇరుసు దాకా దిగబడింది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కేసరికి ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. అతను దూకి బతికాడు. అలా వెనక్కి తిరగబడిన ట్రాక్టర్ల కింద పడి చనిపోయినవాళ్ళ వార్తలు నాట్ల కాలంలో వింటూనే ఉంటాం కాబట్టి రైతు భయాన్ని తప్పుపట్టలేం. ఆ రోజు నుంచి అతనికి కళ్ళు మూస్తే ఆ మడే కనిపించేది. సూర్యాపేటలో వెల్డింగ్ షాపుకు పోయి, ఉన్నవాటిలో అన్నిటికన్నా వెడల్పైన ఫుల్ వీల్స్ బేరం చేసి తెచ్చుకున్నాడు. ఊరివాళ్ళు మెచ్చుకున్నారు. అంత పెద్ద చక్రాలు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేవు.

కష్టాలు చెల్కలోనే మొదలయ్యాయి. అక్కడ బురద బెత్తెడు లోతే, కింద నేల గట్టిగా ఉంటుంది. మునిగే భయమే లేని చోట ఆ వెడల్పు చక్రాలు ఉత్త బరువయ్యాయి. ఇంజను మూలిగింది, డీజిలు ఎక్కువ తాగింది. మూల మలిపినప్పుడల్లా గెట్టు విరిగింది. ఇరుగుపొరుగు పొలాలకు కిరాయికి పోదామంటే ఇనుప చక్రాలతో తారు రోడ్డు ఎక్కనివ్వరు, ఎక్కితే జరిమానా. అందుకని ఇంటి దగ్గర టైర్లు వేసుకోవడం, చక్రాలను ఇంకొకరి ట్రాలీలో పంపడం, పొలం దగ్గర జాకీ పెట్టి ఇద్దరు ముగ్గురు కలిసి టైర్లు విప్పి చక్రాలు బిగించడం, సాయంత్రం మళ్ళీ అదంతా తిరగేయడం. దున్నిన గంటల కన్నా బిగించిన గంటలే ఎక్కువనిపించింది. కిరాయి గిరాకీ పక్క ఊరి హాఫ్ వీల్స్‌వాడికి పోయింది.

ఆ రైతు తమ్ముడు అమెరికాలో, మిన్నియాపోలిస్‌లో ఉద్యోగం చేసేవాడు. చలికాలంలో ఒకనాడు అన్నకు ఫోన్ చేసి, మంచు మీద నడవడానికి కాళ్ళకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు మొదటిసారి కొనుక్కున్నానని చెప్పాడు. ముప్ఫై అంగుళాలవి కొందామని పోతే షాపువాడు ఒంటి బరువెంతో అడిగాడట, వీపున మోసే సంచి బరువు అడిగాడట, నడవబోయేది మెత్తటి కొత్త మంచులోనా, పదిమంది తొక్కి గట్టిపడ్డ బాటలోనా అని కూడా అడిగాడట. అన్నీ విని ఇరవై రెండు అంగుళాలవి చేతిలో పెట్టాడట. పెద్దవాటితో గట్టి బాట మీద ఊరికే కాళ్ళీడ్చుకోవడం తప్ప లాభం లేదన్నాడట. ఒంటి బరువు అడిగినందుకు తమ్ముడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

అన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు కూర్చున్నాడు. చక్రాలు కొన్నప్పుడు తన బురద సంగతి ఎవరూ అడగలేదు. తానూ చెప్పలేదు.

యాసంగి కరిగెటకు నీళ్ళు పెట్టిన తెల్లారి అతను చెప్పులు గట్టున వదిలి పొలమంతా నడిచాడు. చెల్కలో చీలమండ దాకా దిగింది. రేగడిలో పిక్కల దాకా దిగి, అడుగున గట్టినేల తగిలింది. జాలు మళ్ళలో మోకాలు దాటినా ఏమీ తగల్లేదు. అక్కడ ఒక పక్క పాత దున్నపోతు అడుగులు కనిపించాయి. మోపినప్పుడు గిట్ట రెండుగా విచ్చుకుని వెడల్పవుతుంది, పైకి లాగినప్పుడు ముడుచుకుంటుంది. అందుకే అది అక్కడ దిగినా బయటికి రాగలిగింది. రెండు టన్నుల ట్రాక్టరుకు ఆ వీలు లేదు.

అతను ఫుల్ వీల్స్‌ను నష్టానికి అమ్మి హాఫ్ వీల్స్ తెచ్చుకున్నాడు. జాలు మళ్ళకు మాత్రం ఏ చక్రమూ కొనలేదు. వాటిలోకి ట్రాక్టరు దించడమే మానేసి, తేలికగా ఉండే పవర్ టిల్లరును కిరాయికి పిలిచాడు. పది గుంటలకు దాని కిరాయి ఒక పూటదే. మిగతా సీజనంతా తారు రోడ్డు మీద టైర్లతో పోయి, పొలాల్లో ఇనుముతో దున్ని, పోయిన గిరాకీని మెల్లగా వెనక్కి తెచ్చుకున్నాడు.

మొదటిసారి ఏదైనా కొనేటప్పుడు మనం ఎక్కువ రోజులు నడిచే నేలను చూసి కాదు, ఎక్కువగా భయపెట్టిన నేలను చూసి కొంటాం. ఆ రైతు పది గుంటల భయాన్ని ఆరెకరాల మీదా మోశాడు. మోసే బరువెంతో, కాలు ఎంత దిగుతుందో ముందు దిగి చూసుకోవాలి, మన కాలికి అందని ఆ రెండు మళ్ళ కోసం తగినవాడిని పిలిచి కిరాయి ఇవ్వడంలో చిన్నతనం లేదు.