అభిమాని ఎవరి పక్షం?

బోధన్ ప్రాంతంలో చెరకు నరికే కాలమూ, దేశంలో క్రికెట్ ఆటగాళ్లను వేలం వేసే కాలమూ తరచు కలిసి వస్తాయి. ఐ.పి.ఎల్. పోటీలు వేసవివి. దానికి ముందు చలికాలంలో ఆ జట్ల ఆట ఉండదు, ఆటను గురించిన చర్చ మాత్రమే ఉంటుంది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికెంత పెట్టాలి, వచ్చే ఏడు జట్టు గతి ఏమిటి - నిజామాబాదు చాయ్ హోటళ్లలోను, కాలేజీ హాస్టళ్లలోను, బోధన్ బస్సుల్లోను ఈ చర్చ తెంపు లేకుండా నడుస్తుంది. నా తరగతిలోని కుర్రాళ్లు ఇందులో ఆరితేరినవారు. వారి నోట ఒక వాక్యం పదేపదే వింటాను: "ఈసారి మనం మంచి బౌలర్ను కొనాలె." ఈ వాక్యంలో కర్త ఎవరు? వ్యాకరణం చెప్పే సమాధానం సులభమే. నీతి చెప్పవలసిన సమాధానం అంత సులభం కాదు.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మనలో కొందరు ఆటల మోజును చూడగానే అది ప్రజలను నిద్రపుచ్చే మత్తుమందని తీర్పు చెప్పి చేతులు దులుపుకుంటారు. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. శ్రమించే మనిషికి ఆట కూడా తిండి లాంటి అవసరమే. అదీగాక, ఈ చర్చలను శ్రద్ధగా విన్నవాడికి ఇవి మత్తులో మాట్లాడే మాటలుగా తోచవు. పరీక్షలో నాలుగు వాక్యాలు రాయడానికి తడబడే విద్యార్థి, ఒక ఆటగాడి అయిదేళ్ల లెక్కలు చెప్పి, పిచ్ స్వభావం చెప్పి, వయసు చెప్పి తన వాదాన్ని నిలబెడతాడు. ఎదుటివాడు బలమైన ఆధారం చూపితే "అదీ నిజమే" అని ఒప్పుకుంటాడు కూడా. సాహిత్య విమర్శలో మనం కోరుకునే గుణాలు ఇవే కదా! కాబట్టి దోషం చర్చలో లేదు. చర్చించేవాడు తెలియకుండానే ఎక్కి కూచున్న కుర్చీలో ఉంది.

ఆ కుర్చీ కొనేవాడిది. మా వైపు వేలాన్ని హర్రాజు అంటారు. అప్పు తీర్చలేనివాడి ఇల్లు హర్రాజైందంటే వాడి పరువు నలుగురిలో పోయినట్టే. హర్రాజు దగ్గర నిలబడి పాట పాడేవాణ్ణి ఊరు అవసరం కొద్దీ భరించిందే గాని మెచ్చుకోలేదు. ఐ.పి.ఎల్. మొదటి వేలం 2008 ఫిబ్రవరిలో బొంబాయిలో జరిగింది. ధోనీని చెన్నై జట్టు 15 లక్షల డాలర్లకు పాడుకున్నది. ఆ తర్వాత హర్రాజే ఒక పండుగ అయింది. 2024 నవంబరులో జెద్దాలో రెండు రోజులపాటు జరిగిన వేలంలో రిషభ్ పంత్ 27 కోట్లకు పోయాడు. మనుషుల పేర్లు పిలవడం, ధర పెరగడం, సుత్తి పడడం - దీన్ని లక్షలాది ఇళ్లలో కన్నార్పకుండా చూశారు. అమ్ముడుపోనివాడి పేరు పక్కన ఆ మాటే రాశారు: అమ్ముడుపోలేదు.

మాట మారితే చూపు మారుతుందని భాష చదువుకున్నవాడిగా నాకు నమ్మకం. ఒక రోజు మా కుర్రాళ్లు మోకాలికి దెబ్బ తగిలిన ఒక బౌలరును గురించి వాదించుకుంటున్నారు. "దెబ్బ తగిలినోన్ని పెట్టుకొని ఏం జేస్తం? వదిలేస్తే పైసలు మిగులుతయ్" అన్నాడొకడు. లెక్క ప్రకారం అతని మాట తప్పు కాదు. కాని ఆ కుర్రవాడి తండ్రి బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడినప్పుడు ఇంటికి వచ్చినవాడు. తన తండ్రిని వదులుకున్న తర్కమూ ఇదే: నడపడం కంటె ఆపడం చవక. ఇంట్లో ఆ తర్కం అన్యాయమని అతనికి తెలుసు, ఆ అన్యాయాన్ని అన్నంతోపాటు తిని పెరిగాడు. హాస్టలు వరండాలో అదే తర్కం అతని నోట తెలివిగా పలికింది. అతన్ని నిందించడానికి ఈ సంగతి చెప్పడం లేదు. పాలకవర్గపు చూపు మనలోకి ఉపన్యాసాల ద్వారా రాదు; మనకు ఇష్టమైన వాటి ద్వారా, నవ్వుతూ కబుర్లాడే వేళల్లో వస్తుంది.

దీనికి విద్యార్థుల దగ్గర గట్టి సమాధానం ఉంది, దాన్ని దాటవేయడానికి వీల్లేదు. "సార్, కోట్లు తీసుకునేవాడు కూలీ ఎట్లయితడు?" అంటారు. మహమ్మద్ సిరాజ్ హైదరాబాదులో ఆటో నడిపిన తండ్రి కొడుకు. 2017 వేలంలో 20 లక్షల కనీస ధరతో మొదలైన అతని పేరు సన్‌రైజర్స్ చేతిలో 2 కోట్ల 60 లక్షల దగ్గర ఆగింది. 2018లో బెంగుళూరు జట్టుకు పోయాడు. 2024 వేలంలో గుజరాత్ జట్టు 12 కోట్ల 25 లక్షలకు తీసుకున్నది. ఏ దయాళువూ, ఏ సిఫారసూ చేయలేని పని ఆ వేలం చేసింది. ఇది అబద్ధమని నేననను. వెనకటి కాలమేదో స్వర్ణయుగమనీ అనను. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు కీర్తికి లోటు లేదు. కాని ఆ కీర్తిలో ఆటగాళ్ల చేతికి వచ్చినదెంత?

అయితే ప్రశ్న ధరను గురించి కాదు, హక్కును గురించి. అమెరికాలో కర్ట్ ఫ్లడ్ అనే నీగ్రో బేస్‌బాల్ ఆటగాణ్ణి 1969లో సెయింట్ లూయీ జట్టు, అతన్ని అడగకుండానే, ఫిలడెల్ఫియాకు మార్చివేసింది. అప్పటికి అతని జీతం ఏడాదికి 90 వేల డాలర్లు. అతను పోనన్నాడు. జీతం పెద్దదైనంత మాత్రాన అమ్మకం అమ్మకం కాకుండా పోదన్నది అతని వాదం. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అతని ఆట అప్పటికే ముగిసింది. కాని అతను లేవనెత్తిన ప్రశ్న ముగియలేదు. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడైన ఆస్కార్ రాబర్ట్‌సన్ 1970లో వేసిన దావా 1976లో రాజీకి వచ్చింది. ఒప్పందం తీరిన ఆటగాడు తన జట్టును తానే ఎంచుకునే దారి దానితో తెరుచుకున్నది. ఈనాడు అక్కడి బాస్కెట్‌బాల్ రాబడిలో ఇంచుమించు సగం ఆటగాళ్లకు చెందుతుందంటే, అది యజమానుల ఔదార్యం కాదు, సంఘం చేసిన బేరం. అక్కడి అభిమానులు వేసవి పొడుగునా ఎవరు ఏ జట్టుకు పోతారని వాదించుకుంటారు. కాని ఆ వాదంలో "అతను ఎక్కడికి పోదలచుకున్నాడు?" అన్న ప్రశ్నకు కూడా చోటుంది. ఆ చోటు ఊరికే రాలేదు.

మన దగ్గర ఆ ప్రశ్నకు చోటు లేదు. వేలంలో పేరు పలికిన ఆటగాడు ఏ జట్టు పాడుకుంటే దానికి పోవలసిందే. పాడుకున్న తర్వాత తగిన కారణం లేకుండా తప్పుకుంటే రెండేళ్ల నిషేధం. ఇంగ్లండు ఆటగాడు హ్యారీ బ్రూక్ మీద 2025లో ఆ నిషేధం పడింది. ఆడుతున్న భారత క్రికెటర్లకు సంఘం లేదు. 2019లో ఏర్పడిన సంఘం విరమించిన ఆటగాళ్లది. ఇక లెక్క చూడండి. 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అంటే ఏడాదికి సుమారు 9,678 కోట్లు. 2025 పోటీలకు ఆటగాళ్ల కోసం ఒక్కొక్క జట్టు ఖర్చు పెట్టదగిన పరిమితి 120 కోట్లు. పది జట్లకు 1,200 కోట్లు. మ్యాచి ఫీజులు వేరే ఉన్నా, ప్రసార హక్కుల్లో ఇది ఎనిమిదో వంతు. 27 కోట్లు మన కళ్లకు కనబడతాయి, మిగిలిన ఏడు వంతులు కనబడవు. ధర ఇంత గట్టిగా అరిచి చెప్పడంలో ఉన్న ఉపయోగం ఇదే.

ఈ ఏర్పాటు అర్థం కావడానికి బోధన్ వాడికి అమెరికా దాకా పోవలసిన పనిలేదు. ఫ్యాక్టరీకి కేటాయించిన ప్రాంతంలోని రైతు చెరకు ఆ ఫ్యాక్టరీకే పోవాలన్నది చట్టం. నరికిన చెరకు గంట గంటకూ ఎండుతుంది, తూకం పోతుంది, తీపి పోతుంది. అందుచేత బండి కట్టిన రైతు బేరానికి నిలబడలేడు. ఆటగాడి శరీరమూ అంతే. పదేళ్లో, పన్నెండేళ్లో. ఆ కాలంలో ఆగిపోయినవాడు ఓడిపోయినవాడే. చెరకు రైతు కష్టాన్ని కళ్లారా చూసినవాడికి ఆటగాడి ఇరుకు తెలియకపోవడానికి కారణం లేదు; ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపేవాడు లేకపోవడం తప్ప.

ఇప్పుడు ‘మనం’ అన్న కర్త దగ్గరకు వద్దాం. తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మన’ అన్నప్పుడు వినేవాణ్ణి కూడా కలుపుకుంటాం. హోటల్లో ఇద్దరు కూచుని "మన జట్టు" అన్నప్పుడు ఆ మాటలో ఉన్నది ఆ ఇద్దరే. యజమాని ఆ మాట వినడు, అందులో చేరడు. 2008లో డెక్కన్ ఛార్జర్స్ పుట్టింది, 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది, 2012లో రద్దయింది. ఏ అభిమానినీ ఎవరూ అడగలేదు. 2013లో మరొక యజమాని, మరొక పేరు, మరొక రంగు చొక్కా. మనవాళ్లు మళ్లీ "మన జట్టు" అన్నారు. 1937లో స్థాపితమై, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీనీ శక్కర్‌నగర్‌లో "మన ఫ్యాక్టరీ" అనేవారు. 2002లో అందులో 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో, గానుగ ఆడవలసిన వేళ, అది మూతపడింది. ఈ రెండు ‘మన’లూ ఒకటేనా? కావు. ఫ్యాక్టరీని ‘మన’ చేసింది మూడు తరాల చెమట. అందుకే అది మూతపడినప్పుడు కార్మికులు జీతం అడిగారు, తెరిపించమన్నారు, వీధిలోకి వచ్చారు. జట్టు రద్దయినప్పుడు అభిమాని నిట్టూర్చి ఊరుకున్నాడు.

కాని అభిమాని చేతిలో ఏమీ లేదనడమూ పొరపాటే. ఆ 48,390 కోట్లు దేని ధర? ఆట ధర ఒక్కటే కాదు. దాన్ని చూసే కోట్లమంది కళ్ల ధర, వారి సాయంకాలాల ధర. ఆటలేని నెలల్లో వారు చేసే ఈ చర్చ కూడా ఆ సరుకుకు విలువ పెంచుతూనే ఉంటుంది. అంటే అభిమాని, తాను మిల్లునని అనుకుంటున్న చెరకు గడ. ఈ సంగతి గుర్తించినవాడు చర్చ మానుకోవాలని నేను చెప్పను. వేరే కుర్చీలోంచి చర్చించాలంటాను.

అట్లా చర్చించినవారు ఉన్నారు. వెస్టిండీసు జట్టుకు నల్లవాణ్ణి శాశ్వత నాయకుడిగా ఉంచడానికి 1960 దాకా పెద్దలకు మనసొప్పలేదు. ట్రినిడాడులో సి.ఎల్.ఆర్. జేమ్స్ తన పత్రికలో ఫ్రాంక్ వొరెల్‌ను నాయకుణ్ణి చేయాలని ఉద్యమంలాగా రాశాడు. అదీ ఆట లేని వేళ జరిగిన అభిమానుల చర్చే: ఎవరుండాలి, ఎవరు నడపాలి, జట్టు భవిష్యత్తేమిటి. అయితే వారు యజమాని డబ్బు ఎట్లా మిగులుతుందని అడగలేదు. న్యాయంగా ఎవరికి రావలసిన చోటు ఎవరికి అందడం లేదని అడిగారు. 1960-61 ఆస్ట్రేలియా యాత్రకు వొరెల్ నాయకుడయ్యాడు. ఆట తెలివికీ, న్యాయబుద్ధికీ వైరం లేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆ ప్రశ్నను మన జిల్లాలో వేసి చూడండి. 2023లో తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నప్పుడు ఊరూరా మాట్లాడుకున్నారు. ఆ ఏడు జట్టు అట్టడుగున నిలిస్తే ధర దండుగ అన్నారు. నిజామాబాదు జిల్లాలో పుట్టిన గుగులోతు సౌమ్య గోకులం కేరళకు, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు, ఈస్ట్ బెంగాల్‌కు ఫుట్‌బాల్ ఆడింది. ఒక లంబాడా పిల్ల జట్టు మారుతూ ఖండాలు దాటితే, ఆ మార్పుల మీద మన హోటళ్లలో ఒక్క చాయ్ కూడా చల్లారలేదు. ఆమె పేరు మీద సుత్తి పడలేదు గనుక ఆమె ఎవరో మనకు తెలియలేదు. ధర పలికిన చోటనే మనిషిని చూడడం అలవాటైన కళ్లకు ఇది శిక్ష.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నేను చెప్పేది ఇంతే. వాదించండి, లెక్కలు కట్టండి, జట్టు గెలుపోటములకు సంతోషించండి, దుఃఖించండి. కాని "మనం ఎవరిని కొనాలి?" అన్న ప్రశ్నతో బాటు, అతనికి పోనని చెప్పే హక్కుందా, దెబ్బ తగిలితే అతని గతేమిటి, మన ఊళ్లో పిల్లలకు ఆడుకునే మైదానం మిగిలిందా అన్న ప్రశ్నలను కూడా అంత పట్టుదలతోనే వేయండి. ఆడేవాడి పక్కన నిలబడి అడిగినప్పుడే, చూసేవాడు ‘మన’ అనడంలో నిజం ఉంటుంది. కొనేవాడి వెనక నిలబడి అన్న ‘మన’, అరువు తెచ్చుకున్న మాట.