కాదనగల హక్కు, ఔననే ధర్మం: ప్రాచీన చైనా కంచు పాత్రల విదేశీ ప్రదర్శన

షాంగ్, పశ్చిమ జౌ రాజవంశాల కాలంలో చైనాలో పోతపోసిన కంచు పాత్రలు ప్రధానంగా పితృదేవతలకు అన్నపానాలు నివేదించడానికి ఉద్దేశించినవి. జౌ పాత్రల లోపలి శాసనాలలో అనేకం ఒకే ఆకాంక్షతో ముగుస్తాయి: పుత్రపౌత్రులు ఈ పాత్రను చిరకాలం భద్రపరచి వినియోగించాలి. అటువంటి పాత్రను పరదేశపు మ్యూజియంలో అద్దాల వెనుక నిలపడం ధర్మసమ్మతమేనా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

స్వదేశంలో ఉన్నంత మాత్రాన పాత్ర ప్రయోజనం నెరవేరుతుందనే వాదం నిలవదు. బీజింగ్ మ్యూజియంలోనూ నివేదన జరగదు. ప్రదర్శనను కేవలం అపచారంగా భావించడమూ సరికాదు. 1963లో బావోజీలో దొరికిన 'హే జున్' అనే పాత్ర లోపలి శాసనం పుష్కరకాలం ఎవరి కంటా పడలేదు. 1975లో ప్రదర్శనకు సిద్ధపరుస్తూ తుప్పు తొలగించినప్పుడు అది వెలుగు చూసింది. చైనీయులు నేడు తమ దేశాన్ని పిలుచుకునే 'జోంగ్‌గువో' అన్న మాటకు లభ్యమైన తొలి లిఖితాధారం ఆ శాసనమే.

కనుక ధర్మాధర్మ నిర్ణయానికి పాత్ర ఉన్న చోటు ప్రమాణం కాజాలదు; అది అక్కడికి చేరిన తీరే ప్రమాణం. 1980లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శితమైన కంచు పాత్రలను చైనా ఎరువుగా ఇచ్చింది. గడువు తీరాక అవి తిరిగి వెళ్లాయి. హునాన్‌లో దొరికిన 'మిన్ ఫాంగ్‌లేయ్' కథ వేరు. దాని మూత స్వదేశంలో మిగిలింది. పాత్ర మాత్రం వర్తకుల చేతులు మారి విదేశాలకు చేరింది. 2014లో చైనీయులు దానిని కొని తెచ్చాకే రెండూ ఒకటయ్యాయి. ఎరువు తెచ్చిన పాత్రకూ, ఇలా తరలిపోయిన పాత్రకూ అద్దాల పెట్టెలో ఒకే శోభ ఉంటుంది. చూసే కంటికి తెలియని ఈ భేదాన్ని వివేకమే గ్రహించాలి.

2002లో చైనా 64 పురావస్తువులను విదేశీ ప్రదర్శనకు పంపరాదని శాసించింది. 'హే జున్', 832 కిలోల 'హౌముఊ దింగ్' వాటిలో ఉన్నాయి. మానవజాతి ఉమ్మడి వారసత్వాన్ని ఇలా కట్టడి చేయడం సంకుచితత్వమని ఆక్షేపించవచ్చు. కాని 1939లో అన్యాంగ్ వద్ద ఆ దింగ్ బయటపడినప్పుడు, జపాన్ సైన్యానికి చిక్కకుండా గ్రామస్థులు దానిని మళ్లీ భూమిలో పూడ్చిపెట్టారు. కాదనడానికి నాడు వారికి మిగిలిన మార్గం అదొక్కటే. నేటి నిషేధం ఆ నిరాకరణకే చట్టరూపం. కాదనగలిగినవాడు ఔనన్నప్పుడే ఆ అంగీకారానికి విలువ. తక్కిన పాత్రలు సముద్రాలు దాటి వెళ్లడం గౌరవప్రదమైనది ఈ హక్కు వల్లనే.

ఈ హక్కు వెంట బాధ్యతలూ ఉన్నాయి. పాత్రను పంపనివారు దానిని పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. పూర్వం సంపాదించిన పాత్రలను ప్రదర్శించే విదేశీ సంస్థలు కాలం, శైలితో సరిపెట్టక, అది ఎక్కడ దొరికి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఫలకంపై చెప్పాలి. తెలియకపోతే ఆ మాటే రాయాలి. మన భాషలో పాత్ర, పాత్రత ఒకే మూలం నుంచి పుట్టాయి. పాత్రను చూపేవారి పాత్రతకు ఈ సత్యవచనమే తొలి పరీక్ష.